హైవే మీద బద్ధకం, రాళ్లదారిలో బంగారం: హిమాలయన్ 411తో నేపాల్

నా దగ్గరున్నది 2020 బీఎస్6 రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 411 బైకు. కొన్నప్పటి నుంచి ఆఫీసుకీ అదే, శ్రీశైలం ఘాట్‌కీ అదే, చివరికి నేపాల్‌లోని ముక్తినాథ్ గుడికీ అదే. 2023 చివర్లో హిమాలయన్ 450 వచ్చాక దీని తయారీ ఆగిపోయింది కాబట్టి కొత్తది దొరకదు. సెకండ్ హ్యాండ్‌లో చూస్తూ, దీని మీద అంత దూరం వెళ్లొచ్చా అని అడిగేవాళ్లు మాత్రం ఎక్కువయ్యారు. వాళ్ల కోసమే ఇది రాస్తున్నాను.

ముందు నచ్చని సంగతి. హైదరాబాద్ నుంచి నాగ్‌పూర్, జబల్‌పూర్, వారణాసి, గోరఖ్‌పూర్ మీదుగా సునౌలీ బోర్డర్‌కి దాదాపు 1,500 కిలోమీటర్లు. ఆ దారంతా ఈ బండితో ఓపికకు పరీక్షే. బండి బరువే 199 కిలోలు, పైన మనం, మన సామాను. వీటన్నిటినీ లాగడానికి ఉన్నది 24 హెచ్‌పీ. ఎనభై, తొంభై దగ్గర హాయిగా పోతుంది. అంతకు మించి అడిగితే చప్పుడు పెరిగినంతగా స్పీడు పెరగదు. పెంచ్ అడవిలో జంతువుల కోసం ఎత్తుగా వేసిన వంతెనల మీద కార్లు సర్రున దూసుకుపోతుంటే మనం ఎడమ లేన్‌లో బుద్ధిగా వెళ్లాలి. లారీని దాటాలన్నా కాస్త ముందు నుంచే లెక్క వేసుకోవాలి. త్వరగా చేరాలనుకునేవాళ్లకు ఇది నచ్చదు. వాళ్లతో నేను వాదించను.

బోర్డర్‌లో పెద్ద కథేమీ లేదు. ఆర్‌సీ, లైసెన్స్ చూపించి, ఎన్ని రోజులుంటామో చెప్పి భన్సార్ (బండి మీద నేపాల్ కస్టమ్స్ రుసుము) కట్టాలి. రోజుకింత అని లెక్క. ఒకరోజు ఎక్కువే రాయించుకోండి. గడువు దాటితే జరిమానా, పైగా తలనొప్పి. గుర్తింపు కోసం పాస్‌పోర్టో ఓటరు కార్డో తీసుకెళ్లండి, ఆధార్‌ను నమ్ముకోవద్దు. మన ఇన్సూరెన్స్ మామూలుగా నేపాల్‌లో చెల్లదు. కొంత అదనంగా కడితే పాలసీని అక్కడికి పొడిగిస్తారు, బయల్దేరకముందే అడిగి చేయించుకోండి. బండి ఎడమవైపే నడపాలి కాబట్టి ఆ టెన్షన్ లేదు.

బుట్వల్ దాటి సిద్ధార్థ హైవే ఎక్కగానే బండి తీరు మారిపోతుంది. నిజానికి మారేది దారి. సిద్ధబాబా దగ్గర కొండచరియలు విరిగిపడే ముక్క ఒకటుంది, ఆ బాధ పడలేకే అక్కడ సొరంగం పని చేపట్టారు. అది దాటాక తాన్సేన్ మీదుగా పొఖరా దాకా అన్నీ మలుపులే. ఈ ఇంజన్‌లో 32 ఎన్ఎం టార్క్ (లాగే బలం) 4,000-4,500 ఆర్‌పీఎం మధ్యే వచ్చేస్తుంది. మూడో గేర్‌లో పెట్టి వదిలేస్తే ఘాట్ సగం దానంతటదే ఎక్కుతుంది. క్లచ్ నొక్కీ నొక్కీ వేళ్లు నొప్పి పుట్టడం ఉండదు.

అసలు బండి పనికొచ్చింది పొఖరా దాటాక, ముక్తినాథ్ దారిలో బేనీ నుంచి జోమ్‌సోమ్ దాకా. ఆ దారి గురించి ఎంత చెప్పినా తక్కువే. ఒకవైపు 8,167 మీటర్ల ధౌలగిరి, ఇంకోవైపు 8,091 మీటర్ల అన్నపూర్ణ, మధ్యలో కాళీగండకి లోయ. తారు ఉన్నచోట ఉంది, లేనిచోట పిడికెడంత గుండ్రాళ్లు, బురద, ముఖం పిండిలో ముంచినట్టు చేసే దుమ్ము. రూప్సే జలపాతం దగ్గర్నుంచి పైకి వెళ్లేకొద్దీ రోడ్డుకు అడ్డంగా పారే నీళ్లు తగులుతూనే ఉంటాయి. నీటి కింద రాయి ఎక్కడుందో కనిపించదు. ముందు చక్రం 21 అంగుళాలది కావడం వల్ల రాయి తగిలినా దొర్లుకుంటూ ఎక్కేస్తుంది. ముందు సస్పెన్షన్ 200 మిల్లీమీటర్లు ఆడుతుంది కాబట్టి ఆ దెబ్బ భుజాల దాకా రాదు. సీటు ఎత్తు 800 మిల్లీమీటర్లే. నాలాంటి మామూలు ఎత్తు మనిషికి రెండు కాళ్లూ నేలకి ఆనతాయి. నీళ్ల మధ్యలో బండి ఆగినప్పుడు ఆ ధైర్యం విలువ తెలుస్తుంది.

దిగేటప్పుడు గులకరాళ్ల మీద వెనక ఏబీఎస్ (బ్రేకు వేస్తే చక్రం పట్టేయకుండా చూసేది) ఆపేసుకోవచ్చు. అయితే ఇంజన్ ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తే అది తిరిగి ఆన్ అయిపోతుంది. టీకి ఆగిన ప్రతిసారీ బటన్ మళ్లీ నొక్కాలి.

ఒక ఇబ్బందీ వచ్చింది. బ్యాగుల కోసం బయట చేయించిన ఇనుప స్టే (ఫ్రేము), బండితో వచ్చింది కాదు, దారిలో ఘాసా అనే ఊరు దాటాక వెల్డింగ్ దగ్గర విరిగింది. బ్యాగు సైలెన్సర్ మీద వాలి కాలడం మొదలయ్యాక గానీ తెలియలేదు. జిప్‌టైలు, తాడు, పాత ట్యూబు ముక్కతో కట్టి లాక్కొచ్చాను. తర్వాత వెల్డింగ్ షాపు దాయి (అక్కడ మెకానిక్ నుంచి డ్రైవర్ దాకా అందరూ దాయే, అంటే అన్న) దాన్ని అతికించి, లోపల అడ్డంగా ఇంకో ముక్క వేసిచ్చాడు. ఇప్పటికీ అదే ఉంది. అల్యూమినియం పెట్టెల మోజున్నవాళ్లకు నా మాట ఒకటే: ఈ దారులకు బట్ట బ్యాగులే మేలు. పడితే కాలు విరగదు, పెట్టె సొట్టపోదు.

టైర్ల సంగతి. ట్యూబ్ టైర్లు, స్పోక్ చక్రాలు. పంక్చర్ అయితే చక్రం ఊడదీయాల్సిందే. 21 అంగుళాల ట్యూబ్ చిన్న ఊళ్లలో దొరుకుతుందని నమ్మకం లేదు కాబట్టి అది వెంట ఉండాలి. గతిలేనప్పుడు వెనక చక్రంలోనూ అదే ఇరికించొచ్చు.

జోమ్‌సోమ్‌లో పొద్దున పదకొండు దాటితే గాలి లేస్తుంది. అక్కడ విమానాలు కూడా పొద్దున్నే తిరిగేసి ఆగిపోతాయి. గాలి దక్షిణం నుంచి వీస్తుంది. పైకి వెళ్లేటప్పుడు వెనక నుంచి తోస్తుంది, వచ్చేటప్పుడు ఎదురుగా ఇసుక కొడుతుంది. అప్పుడు మాత్రం 199 కిలోల బరువు మీద నాకు కోపం రాలేదు. తిరుగు ప్రయాణం తెల్లారగట్లే మొదలుపెట్టండి.

ముక్తినాథ్ 3,700 మీటర్ల పైనే. గాలి పల్చబడేకొద్దీ ఏ ఇంజన్‌కైనా బలం తగ్గుతుంది, దీనికీ తగ్గింది. ఫ్యూయల్ ఇంజెక్షన్ ఉండటంతో ఎక్కడా ఎక్కిళ్లు పెట్టలేదు, రెండో గేర్‌లో నిదానంగా ఎక్కేసింది. సెకండ్ హ్యాండ్ కొనేవాళ్లు మొదట్లో వచ్చిన కార్బురేటర్ మోడల్‌ను వదిలేసి ఇంజెక్షన్‌దే చూసుకోమనడానికి కారణం ఇదే. వైష్ణవుల 108 దివ్యదేశాల్లో ముక్తినాథ్ ఒకటి కాబట్టి పైన తెలుగు మాటలు వినిపిస్తూనే ఉంటాయి. గుడి దగ్గరి 108 నీటి ధారల కింద తడిసి వణుకుతూ వచ్చిన ఒక పెద్దాయన నా టీఎస్ నంబర్ ప్లేట్ చూసి, "ఏం బాబూ, బండి రైల్లో వేసుకొచ్చావా?" అని అడిగారు. కాదండీ, తోలుకొచ్చానంటే నమ్మలేదు. కాళీగండకి సాలగ్రామాలు సంచీలో భద్రంగా పెట్టుకుంటూ, "మీ అమ్మానాన్నలకు తెలుసా?" అన్నారు.

తిండికి దిగులే లేదు. థకాలీ (అక్కడి స్థానికుల) భోజనమంటే మన పప్పన్నమే, అడిగినకొద్దీ వడ్డిస్తారు. ట్యాంకు 15 లీటర్లు, మైలేజీ ముప్ఫైకి అటూఇటూ. బేనీలో ఫుల్ చేయిస్తే ముక్తినాథ్ వెళ్లొచ్చేదాకా పెట్రోలు గురించి ఆలోచించక్కర్లేదు. అన్నపూర్ణ ప్రాంత పర్మిట్ మనతో సహా సార్క్ దేశాలవాళ్లకు 1,000 నేపాలీ రూపాయలు. మన రూపాయికి వాళ్లది 1.60, లెక్క సులువే.

450 తీసుకుంటే మేలు కాదా అంటారా? 40 హెచ్‌పీ ఉంది, నాగ్‌పూర్ హైవే మీద నేను పడ్డ బాధ ఉండదు. డబ్బుంటే తీసుకోండి. బేనీ దాటాక మాత్రం నాకు ఉన్న బలం ఎక్కడా చాలలేదనిపించలేదు.

వెళ్లేది అక్టోబర్, నవంబర్‌లలో గానీ ఏప్రిల్‌లో గానీ పెట్టుకోండి. జోమ్‌సోమ్, ముక్తినాథ్ ఉన్న ముస్తాంగ్ జిల్లా వర్షచ్ఛాయలో (కొండలు వాన మేఘాలను ఆపేసే చోట) ఉంది, వానాకాలంలోనూ వెళ్లొచ్చని కొందరు చెబుతారు. జోమ్‌సోమ్ దగ్గర ఆ మాట నిజమే. బేనీ నుంచి ఘాసా దాకా మాత్రం వాన గట్టిగానే పడుతుంది, కొండచరియ విరిగిందంటే జేసీబీ వచ్చేదాకా బండి పక్కన కూర్చోవాల్సిందే.