ఇంట్లో చేసుకున్న ప్రెస్సు: ఆరేళ్లు వాడాక

చీమకుర్తి పక్క ఊళ్లో బేరింగులకు ఆయుష్షు తక్కువ. క్వారీల రాతి దుమ్ము ట్రాలీ చక్రాల్లోకి, బైకు హబ్బుల్లోకి (చక్రం నడిమి భాగం) దూరుతూనే ఉంటుంది. 2019 దాకా బేరింగు మార్చాలంటే సుత్తి పట్టుకోవాలి, లేదా ఒంగోలు పోయి ప్రెస్సు (జాకీ బలంతో బేరింగును ఒత్తి దించే ఇనుప చట్రం) మీద వేయించుకోవాలి. డబ్బు పోతే పోయింది, పూటంతా పోయేది.

సుత్తితో చిక్కేమిటంటే, కొత్త బేరింగును లోపలి రింగు మీద కొట్టి హబ్బులోకి దించితే ఆ దెబ్బంతా బాల్స్ మీద పడుతుంది. అవి తిరిగే గాడిలో కంటికి ఆనని గుంటలు పడతాయి. నెల తిరక్కముందే చక్రం గుర్రుమంటుంది, మనం బేరింగు నాసిరకం అనుకుంటాం.

అందుకే పాత ఇనుము కొట్లో 4 అంగుళాల సి ఛానెల్ (సి ఆకారపు ఇనుప దూలం) సుమారు 55 కిలోలు తూయించి, 20 టన్నుల సెకండ్ హ్యాండ్ బాటిల్ జాకీ పెట్టి, ఊళ్లోనే వెల్డింగు చేయించి ఈ ప్రెస్సు తయారు చేసుకున్నాను. జాకీని తలకిందులుగా బిగిస్తే నూనె అందక ఒత్తదు. కాబట్టి కదిలే అడ్డకమ్మీ మీద నిటారుగానే కూర్చోబెట్టాను. జాకీ తల పైదూలాన్ని తంతే అడ్డకమ్మీ కిందికి దిగుతుంది. దాన్ని మళ్లీ పైకి లాగడానికి మొదట బైకు సైడ్ స్టాండు స్ప్రింగులు వేశాను. సాగిపోయి వేలాడాయి. ఇప్పుడు పాత ట్యూబు పట్టీలు కట్టాను. ఎండకు పగిలితే ఇంకో నాలుగు కోసుకుంటాను.

పెద్ద తప్పు పిన్నుల దగ్గర జరిగింది. కింది బల్లను ఆపడానికి 20 మి.మీ. మామూలు కడ్డీ వాడాను. రెండో ఏడు ట్రాలీ బుష్ ఒకటి తుప్పుతో బిగుసుకుపోతే జాకీ కొడుతూనే ఉన్నాను. బుష్ కదల్లేదు, పిన్నులు అరటికాయల్లా వంగాయి. పాత యాక్సిల్ ముక్కతో లేత్ మీద 25 మి.మీ. పిన్నులు తీయించాక మళ్లీ ఆ గొడవ లేదు.

ఇంకొకటి, జాకీలో నూనె తగ్గితే మా బావ మాట విని బ్రేక్ ఆయిల్ పోశాను. సీళ్లు ఉబ్బిపోయి చుట్టూ కారింది. సీళ్లు మార్పించి హైడ్రాలిక్ ఆయిల్ పోశాకే నిలబడింది. బావ మాత్రం ఇప్పటికీ ఒప్పుకోడు.

నిజానికి ప్రెస్సు కంటే దాని పక్కనున్న రేకు డబ్బాకే ఎక్కువ విలువిస్తాను. అందులో రకరకాల గొట్టం ముక్కలు, పాత బేరింగుల బయటి రింగులు ఉంటాయి. ఆ రింగును గ్రైండర్ మీద బయటివైపు వెంట్రుకవాసి అరగదీస్తే, అదే సైజు కొత్త బేరింగును ఒత్తడానికి సరిగ్గా సరిపోతుంది, హబ్బులో ఇరుక్కోకుండా బయటికీ వస్తుంది. 6203 నంబరు బేరింగుకి ఒకటి, 6301కి ఒకటి పక్కన పెట్టుకున్నాను.

వేసవిలో అయితే హబ్బును ఎండలో పెట్టి, బేరింగును కవరులో చుట్టి రాత్రంతా ఫ్రీజర్లో ఉంచుతాను. “ఐసు పెట్టుకునే చోట ఈ ఇనుమేందయ్యా” అని మా ఆవిడ గొడవ. మధ్యాహ్నం జాకీ నాలుగు కొట్లు కొడితే చాలు, బేరింగు మెత్తగా జారి అడుగున ‘టక్’మని కూర్చుంటుంది. ఆ చప్పుడు వినగానే ఆపెయ్యాలి.

భయపడాల్సింది కూడా ఉంది. బేరింగు ఉక్కు వంగదు, పగులుతుంది. ఒకసారి వంకరగా కూర్చున్న రింగు పగిలి, ముక్క వెళ్లి గోడ పెచ్చు లేపింది. ఆ రోజు నుంచి ముందు లారీ మడ్ ఫ్లాప్ వేలాడదీసి, కళ్లద్దాలు పెట్టుకుని, పక్కన నిలబడి కొడుతున్నాను. పిల్లల్ని ఆ దరిదాపులకు రానివ్వను.

ఇంట్లో చేసిన మిగతావాటిలో ఫ్రిజ్ కంప్రెసర్ గాలి మిషన్ బైకుకు చాలు, ట్రాక్టరు టైరుకు పెడితే తెల్లారుతుంది. బైకు ఎత్తే బల్ల మీద ప్రస్తుతం కోళ్ల గంప ఉంది.

ప్రెస్సు ఎడమ కాలు వెల్డింగు వేడికి కొంచెం గుంజింది. తూకం దారం కడితే తేడా తెలుస్తుంది. కింద రేకు ముక్క పెట్టి నెట్టుకొస్తున్నాను. వరి పని అయ్యాక కోసి మళ్లీ అతికించాలి.