'టైటస్ గ్రోన్' కొనేముందు అమ్మేవాళ్లని ఈ ప్రశ్నలు అడగండి

ఇంగ్లిష్ రచయిత మెర్విన్ పీక్ నవల 'టైటస్ గ్రోన్' ఆన్‌లైన్‌లో కొనబోతున్నవాళ్లు దయచేసి ఇది చదివి ఆర్డర్ పెట్టండి.

నేను కొన్నచోట అమ్మకం పేజీలో 'టైటస్ గ్రోన్'తో మొదలయ్యే మూడు గోర్మెన్‌ఘాస్ట్ నవలలూ కలిసిన బొమ్మల సంపుటి ఫొటో పెట్టారు. ఇంటికొచ్చింది మొదటి నవల ఒక్కటే, అదీ దొంగ ప్రింటు. పల్చటి కాగితం మీద వెనకపేజీ అక్షరాలు ఇటువైపు కనిపిస్తున్నాయి. గ్రంథాలయం తగలబడే ఘట్టంలో కొన్ని పేజీలే లేవు. కథ మలుపు తిరిగేదే అక్కడ! బొమ్మ ఒక్కటీ లేదు. పీక్ స్వయంగా చిత్రకారుడు, పాత్రల ముఖాలు తన రాతప్రతుల్లోనే గీసుకున్నాడు. అవి చూస్తూ చదవడం వేరు. వెనక్కి తీసుకోమంటే పుస్తకాలకి రిటర్న్ లేదన్నారు.

కాబట్టి ప్రచురణకర్త పేరు, ఐఎస్‌బీఎన్, పేజీల సంఖ్య ముందే అడగండి. లోపలి పేజీల ఫొటో పంపమనండి. పార్సిల్ విప్పేటప్పుడు వీడియో తీసుకోండి.

ఇక నవల సంగతి. తర్వాత స్నేహితురాలి దగ్గర మంచి ప్రతి తీసుకుని చదివాను. 1946లో వచ్చిన ఈ పుస్తకంలో అసలు కథానాయకుడు కథ జరిగే గోర్మెన్‌ఘాస్ట్ కోటే అనిపించింది. ఏ రోజు ఏ తంతు జరపాలో పాత గ్రంథాల్లో రాసి ఉంటుంది, ఎందుకో ఎవరూ అడగరు. 76వ ప్రభువు సెపల్‌క్రేవ్‌కీ అందులోంచి విముక్తి లేదు. ఆయన భార్య వెంట ఎప్పుడూ తెల్లపిల్లుల మంద. వంటశాల కుర్రాడు స్టీర్‌పైక్‌ని గదిలో పెట్టి తాళం వేస్తే, కిటికీలోంచి గోడ పట్టుకుని పాకి, అంతులేని పైకప్పులు దాటి సెపల్‌క్రేవ్ కూతురు ఫ్యూషా అటక చేరతాడు. ఆ పేజీలు చదువుతుంటే నాకే కాళ్లు వణికాయి.

కానీ అమ్మకం పేజీలో రాసిన మంత్రాలు, యుద్ధాలు ఇందులో లేవు. ఒక్క మాయ కూడా జరగదు. పుస్తకానికి ఎవరి పేరు పెట్టారో ఆ టైటస్, సెపల్‌క్రేవ్ కొడుకు, మొదట్లో పుడతాడు, చివరికి ఏడాది దాటిన పసివాడే. ఒక్కో గది వర్ణన పేజీలకి పేజీలు సాగుతుంది. టైటస్‌కి పాలిచ్చిన దాది కేడా కథ, కోట బయట జరిగేది, నాకు బాగా విసుగు తెప్పించింది. ఇంగ్లిష్ కూడా కష్టమే, పక్కన నిఘంటువు ఉండాల్సిందే. చకచకా సాగే ఫాంటసీ కోరేవాళ్లకి ఇది పడదు.

నచ్చితే మాత్రం 1950 నాటి రెండో నవల 'గోర్మెన్‌ఘాస్ట్' కూడా తీసుకోండి, స్టీర్‌పైక్ కథ ముగిసేది అందులోనే. మూడోది, 1959లో వచ్చిన 'టైటస్ అలోన్', కోట వదిలి కార్లూ ఫ్యాక్టరీలూ ఉన్న లోకంలోకి పోతుంది. అప్పటికే పీక్ ఆరోగ్యం బాగా దెబ్బతింది. నాకైతే మొదటి రెండింటి గాలి అందులో తగల్లేదు. దానికోసమే ఖరీదైన సంపుటి కొనక్కర్లేదు.

నా డబ్బులు ఇంకా తిరిగి రాలేదు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. ఇలాంటి ప్రతి మీకూ వచ్చుంటే మీరూ చేయండి.