రోఎర్గ్‌తో మూడేళ్ళు: మామిడి సీజన్లో, ఒకే వారంలో ఐదు పందేలు

చిత్తూరు మామిడి గుజ్జు ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్ళకు జూన్, జూలై నెలల్లో సొంత పనులంటూ ఉండవు. తోతాపురి కాయ కోతకు వచ్చిన నాటి నుంచి గేటు బయట ట్రాక్టర్లు బారులు తీరి ఉంటాయి, లోపల గుజ్జు లైను ఆగదు, నేను పనిచేసే పరీక్షల గదిలో గంటగంటకూ బ్రిక్స్ (తీపి పాళ్ళు), పులుపు చూసి రాయడమూ ఆగదు. పన్నెండు గంటల షిఫ్టు, అందులో సగానికి పైగా తడి గచ్చు మీద నిలబడటమే. సరిగ్గా ఆ రోజుల్లోనే, సోమవారం నుంచి ఆదివారం లోపల, పడవ తెడ్డు వేసినట్టు లాగే రోయింగ్ యంత్రం మీద ఐదు పందేలు పూర్తి చేయాలని మా కాలేజీ స్నేహితులం ఆరుగురం ఏటా పెట్టుకునే నియమం. మిగిలిన ఐదుగురికీ జూన్ అనుకూలమే కాబట్టి నా మొర వినే దిక్కు లేకపోయింది.

నా రోయింగ్ యంత్రం కాన్సెప్ట్ 2 కంపెనీ రోఎర్గ్. 2022లో కొన్న దాని మీద ఇప్పటికి 27 లక్షల మీటర్లు లాగాను. కొన్న నెలలో రాసే సమీక్షల్లో పెట్టె విప్పడం, బిగించడం తప్ప చెప్పడానికి పెద్దగా ఏమీ ఉండదు. యంత్రం అసలు గుణం తెలిసేది మనకు తీరిక లేని వారంలో, ఒళ్ళు మొరాయించిన పూట. అందుకే దీన్ని ఆ వారం చుట్టూనే రాస్తున్నాను.

ముందుగా యంత్రం గురించి క్లుప్తంగా. ఈ కంపెనీని 1976లో డ్రైసిగేకర్ అన్నదమ్ములు పడవ తెడ్లు తయారు చేయడానికి మొదలుపెట్టారు, 1981లో సైకిలు చక్రం బిగించి మొదటి ఇండోర్ యంత్రం చేశారు. ఇప్పటి రూపంలో చక్రం ఒక పంజరంలో ఉండి గాలిని కోస్తుంది. మనం ఎంత గట్టిగా లాగితే గాలి అంత గట్టిగా ఎదురు నిలుస్తుంది. పొడవు 8 అడుగులు, వెడల్పు 2 అడుగులు, బరువు 26 కిలోలు. పనిముట్టు ఏదీ లేకుండా రెండు ముక్కలుగా విడదీసి గోడకు నిలబెట్టుకోవచ్చు. నేను లక్ష రూపాయలకు పైగా పెట్టి కొన్నాను. ఇంట్లో ఆ సంగతి విడతలు విడతలుగా తెలిసింది.

పక్కనున్న మీటను డ్యాంపర్ అంటారు, దాని మీద 1 నుంచి 10 వరకు అంకెలుంటాయి. కొత్తగా ఎక్కినవాళ్ళందరూ దాన్ని 10కి తిప్పి మగతనం చూపించుకుంటారు, నేనూ అంతే చేశాను. అది కష్టాన్ని కొలిచే అంకె కాదు, పంజరంలోకి వెళ్ళే గాలిని మాత్రమే మార్చుతుంది. చూడవలసింది తెర మీద కనిపించే డ్రాగ్ ఫ్యాక్టర్. చక్రం లాగుకూ లాగుకూ మధ్య ఎంత త్వరగా నెమ్మదిస్తోందో గమనించి యంత్రమే ఆ అంకెను లెక్క కడుతుంది, ఆ లెక్క ప్రకారమే వేగాన్నీ చూపిస్తుంది. అందువల్లనే చెన్నై జిమ్ములో ఒకడు, బెంగళూరు అపార్టుమెంటులో ఇంకొకడు, కట్టమంచిలో మిద్దె మీద నేను, ముగ్గురం వేరువేరు యంత్రాల మీద లాగినా అంకెలను పక్కపక్కన పెట్టి పోట్లాడుకోగలుగుతున్నాం. మా ఒప్పందంలో డ్రాగ్ ఫ్యాక్టర్ ఎవరిష్టం వారిది. నాది 120 దగ్గర ఉంటుంది, మీట 4కూ 5కూ మధ్య నిలుస్తుంది.

పందేలు ఇవి: 500 మీటర్లు, 2,000 మీటర్లు, 5,000 మీటర్లు, 10,000 మీటర్లు, అరగంటలో ఎంత దూరమైతే అంత. ఒక్కొక్కదానికి ఒక్కటే ప్రయత్నం. మధ్యలో హ్యాండిల్ కింద పెడితే ఆ పందేనికి సున్నా. ముగిశాక తెర ఫొటో గుంపులో పెట్టాలి. ఒకే రోజు రెండు పందేలు చేయవచ్చు, కానీ చేసినవాడు మర్నాడు మళ్ళీ చేయడు.

మొదటి ఏడాది నేను వేసుకున్న ప్రణాళిక చూసేవాళ్ళకు ఎంతో తెలివైనదిగా కనిపిస్తుంది. పని ఎక్కువున్న రోజుల్లో చిన్న పందేలు, తీరిక ఉన్న ఆదివారం పెద్ద పందెం. 500 మీటర్లు రెండు నిమిషాల లోపు పని, కాబట్టి సోమవారం రాత్రి, షిఫ్టు నుంచి వచ్చి కూర్చుంటే సరిపోతుందనుకున్నాను. 2,000 మీటర్లు ఎనిమిది నిమిషాలు, బుధవారం రాత్రి. ఇలా గడియారం చూసి వారాన్ని నింపాను.

సోమవారం 500 మీటర్లకు 1:51 పట్టింది. అంతకు నెల ముందు తాజాగా ఉన్న ఉదయం పూట 1:45 చేసినవాణ్ణి. దానికంటే పెద్ద నష్టం నడుము. ఈ ఆటలో లాగు మొదలయ్యేది కాళ్ళతో, తరువాత నడుము, చివర చేతులు. రోజంతా నిలబడి బిగుసుకుపోయిన కాళ్ళు తొయ్యనని మొండికేస్తే ఆ భారమంతా నడుము మీద పడుతుంది, నాకు పడింది. బుధవారం రాత్రి పది గంటలకు 2,000 మీటర్లు మొదలుపెట్టి 1,300 దగ్గర హ్యాండిల్ వదిలేశాను. ఆదివారం పొద్దు ఎక్కేదాకా నిద్రపోయి, పదిన్నరకు, కాంక్రీటు కప్పు కింద కాగుతున్న గదిలో 10,000 మీటర్లకు కూర్చుని ఏడో కిలోమీటరులో లేచిపోయాను. ఐదింటిలో రెండు సున్నాలు.

తప్పు ఎక్కడుందో తేలడానికి కొంతకాలం పట్టింది. పందెం ఎంతసేపు పడుతుందన్నది ప్రశ్నే కాదు, ఒంటి నుంచి అది ఏం అడుగుతుందన్నదే ప్రశ్న. ఈ యంత్రంలో శక్తికీ వేగానికీ ఉన్న సంబంధం ఘనం లెక్కన సాగుతుంది. 500 మీటర్లకు 2:00 చొప్పున పోవడానికి 203 వాట్లు చాలు, వేగం 10 శాతం పెంచి 1:49కి రావాలంటే 270 వాట్లు కావాలి, అంటే మూడో వంతు అదనం. నా 500 మీటర్ల ఉత్తమ సమయం 1:44, అది 311 వాట్లు. నా 10,000 మీటర్ల వేగం 500 మీటర్లకు 2:11.5 చొప్పున, అది 154 వాట్లు. చిన్న పందెం పెద్దదానికంటే రెట్టింపు శక్తి అడుగుతోంది, అదీ అలసటకు ఏమాత్రం చోటివ్వకుండా. పైగా చిన్న పందేనికి ముందు ఒళ్ళు కాగడానికి ఇరవై నిమిషాలు, తరువాత దిగడానికి పది నిమిషాలు కావాలి. అరగంట పందేనికి ముందు ఎనిమిది నిమిషాలు నెమ్మదిగా లాగితే చాలు. అంతా కలిపి చూస్తే ఒకటి ముప్పై రెండు నిమిషాల పని, ఇంకొకటి ముప్పై ఎనిమిది నిమిషాల పని. ఆరు నిమిషాలు మిగుల్చుకోవడానికి పందేన్నే పోగొట్టుకున్నానన్నమాట.

రెండో ఏడాది గడియారాన్ని పక్కన పెట్టి షిఫ్టుల పట్టీ ముందేసుకున్నాను. మాకు వారం మధ్యలో రాత్రి షిఫ్టు నుంచి పగటి షిఫ్టుకు మారేటప్పుడు ఇరవై నాలుగు గంటల ఖాళీ వస్తుంది. ఆ ఖాళీలో ఒక పూర్తి నిద్ర తీసిన తరువాతి ఉదయం వారం మొత్తానికీ విలువైన పూట. దాన్ని 2,000 మీటర్లకు ఇచ్చాను, ఎందుకంటే ఐదింటిలో అన్నిటికంటే క్రూరమైనది అదే. ఒలింపిక్ పడవ పందేల దూరమూ అదే కనుక మా గుంపులో అందరూ మొదట చూసేదీ ఆ అంకెనే. అరగంట పందేన్ని మాత్రం కావాలనే అలసిన పూటకు వేశాను. నిమిషానికి 20 లాగులు, ఒకే వేగం, పాటలు లేవు, ఆలోచన లేదు. అలసి ఉన్నవాడు మొదట్లో ఎగిరి పడడు కాబట్టి ఈ పందేనికి అలసట ఒకరకంగా మంచిదే. 500 మీటర్లను శుక్రవారం ఉదయం పగటి షిఫ్టుకు ముందుకు, 10,000 మీటర్లను ఆదివారం తెల్లవారుజాము నాలుగున్నరకు జరిపాను.

వేగం అంచనాకు రోయింగ్ చేసేవాళ్ళు వాడే ఒక మోటు లెక్క ఉంది. దూరం రెట్టింపైతే 500 మీటర్లకు పట్టే కాలం సుమారు 5 సెకన్లు పెరుగుతుందని. నా 2,000 మీటర్ల వేగం 1:58 అయితే, 10,000 మీటర్లకు సుమారు 2:09.6 రావాలి. నాకు 2:11.5 వచ్చింది. ఆ తేడా నాకు సుదూర పందేలలో సత్తువ తక్కువని చెబుతోంది తప్ప లెక్క తప్పని కాదు. సీజన్ వారంలో మాత్రం ఆ లెక్క చెప్పినదానికి ఇంకో రెండు సెకన్లు కలుపుకుని మొదలుపెట్టడం నాకు అచ్చివచ్చింది.

మూడో ఏడాది ఫలితాలు: అరగంటలో 7,020 మీటర్లు, 2,000 మీటర్లకు 7:52, 500కి 1:44, 5,000కి 21:05, 10,000కి 43:50. నలభై ఒకటో ఏట, 74 కిలోల మనిషికి ఇవి గొప్ప అంకెలేమీ కావు. ఐదూ పూర్తయ్యాయి, రెండు అంతకుముందు నాకున్న ఉత్తమ సమయాలను దాటాయి. 5,000 ఒక్కటే దెబ్బతిన్నది. గురువారం సాయంత్రానికి వేసుకున్నదాన్ని లైనులో మరమ్మతు వచ్చి శనివారానికి నెట్టవలసి వచ్చింది, శనివారం దాన్నీ మర్నాడు పదివేలనూ వెంటవెంటనే లాగమని ఎవరికీ సలహా ఇవ్వను. వారంలో ఒక పూటైనా ఏ పందెమూ లేకుండా ఖాళీగా వదిలిపెట్టాలన్న జ్ఞానం అప్పుడు కలిగింది.

ఈ వారంలో యంత్రం ఎలా సహకరించిందో చెప్పాలి. తెరలో పందెం దూరాన్ని ముందే పెట్టుకుంటే చక్రం కదిలేదాకా గడియారం మొదలవదు, కదిలాక మనం ఆగినా అది ఆగదు. ఈ నిక్కచ్చితనం మొదట్లో చికాకు పుట్టించింది, ఇప్పుడు దాని మీదే నమ్మకం. ఇదే వేగంతో పోతే ఎప్పుడు ముగుస్తుందో ఒక మూల కనిపిస్తూ ఉంటుంది. పాత ఫలితాన్ని పక్క పడవగా పెట్టుకుని దానితో పోటీ పడవచ్చు. అరగంట పందెంలో నేను వాడేది ఇదే, నిరుటి నన్ను పది మీటర్లు వెనక ఉంచుకుంటే చాలు.

కరెంటు పోయినా పందెం ఆగదు. తెర రెండు లావు టార్చి సెల్లులతో నడుస్తుంది, లాగుతున్నంతసేపు చక్రమే దానికి కొంత శక్తినిస్తుంది. ఫ్యానుకు ఆ సదుపాయం లేదు. మిద్దె మీది గదిలో ఫ్యాను ఆగిన జూన్ రాత్రి పదో నిమిషానికే గుండె వేగం పెరిగిపోతుంది, వాట్లు మాత్రం మొదటివే. అందుకే సుదూర పందేలన్నీ తెల్లవారకముందే. ముందు రాత్రి సంగటి, లేవగానే ఉప్పు వేసిన నిమ్మకాయ నీళ్ళు, అయ్యాక పల్చటి మజ్జిగ. ఇంతకు మించి ఏ పొడీ వాడలేదు.

చప్పుడు సంగతి దాచను. గాలి చక్రం ఉన్న ఏ యంత్రమైనా గట్టిగా లాగితే హోరుమంటుంది, దానికి తోడు సీటు చక్రాలు పట్టా మీద దొర్లే శబ్దం కింది గదికి గచ్చు గుండా దిగుతుంది. కింది వాటాలో ఉండే పెద్దాయన మొదటి ఏడాది మెట్ల దగ్గర నన్ను ఆపి, "ఏంది నాయనా, తెల్లారకనే పిండిమర ఆడిస్తా ఉండావే?" అన్నాడు. తరువాత కాళ్ళ కింద మందపాటి రబ్బరు చాపలు వేశాను, సీజన్ వారం వచ్చేముందు ఆయనకు చెప్పి, ఒక బుట్ట పండ్లు ఇచ్చి వస్తున్నాను. చాపలకంటే బుట్టే బాగా పనిచేస్తోంది.

నిర్వహణ సులభమే గానీ ఎగ్గొడితే అంకెల్లో బయటపడుతుంది. సీటు పట్టాను రోజూ గుడ్డతో తుడవాలి. గొలుసుకు 50 గంటలకొకసారి ఒక చెంచా నూనె పెట్టాలి. పంజరంలో దుమ్ము చేరితే గాలి దారి మూసుకుపోతుంది. మా వీధి దుమ్ముకు రెండేళ్ళలో, మీట అదే చోట ఉండగా, నా డ్రాగ్ ఫ్యాక్టర్ 122 నుంచి 108కి దిగింది. ఎండాకాలం గాలి పలచబడి కొంత తగ్గుతుందని తెలుసు కాబట్టి మొదట దాన్నే కారణమనుకున్నాను. స్క్రూడ్రైవరుతో పంజరం విప్పి వాక్యూమ్ క్లీనరు పెట్టాక అంకె మళ్ళీ 120 దాటింది. పందేల వారానికి పది రోజుల ముందే ఈ పని చేసుకోవడం ఇప్పుడు నా అలవాటు. అదనంగా కొన్న మెత్తటి సీటు దిండు, గుండె వేగం చూపే చవక పట్టీ రెండూ వృథా. దిండు జారింది, పట్టీ చెమటకు పిచ్చి అంకెలు చూపింది.

ఎవరికి పనికొస్తుందని అడిగితే, ఎనిమిదడుగుల చోటు, కింది వాటాతో మంచి మాట, వారానికి మూడు రోజులైనా కూర్చునే ఓపిక ఉన్నవాళ్ళకు డబ్బు గిట్టుతుంది. బరువు తగ్గడానికని మాత్రమే కొనేవాళ్ళు ముందు ఏదైనా జిమ్ములో నెల రోజులు లాగి చూడాలి, ఎందుకంటే ఈ కదలిక కొందరికి నచ్చదు, నచ్చనివాళ్ళ ఇళ్ళలో ఇది బట్టలు ఆరేసుకునే దండెంగా మారడం నేను చూశాను. నీవా నదిలో పడవ వేసేంత నీరు ఎన్నడూ చూడని మా ఊరివాళ్ళకు తెడ్డు పట్టే దారి ఇదొక్కటే అన్నది నా సొంత సమర్థన, ఇంట్లో ఇప్పటికీ చెల్లలేదు.

వచ్చే జూన్‌కు ప్రణాళిక సగం తయారైంది. 5,000 మీటర్లను మంగళవారం ఉదయానికి తెచ్చాను, శనివారాన్ని ఖాళీగా వదిలాను. మిగిలిన సగం షిఫ్టుల పట్టీ గోడ మీద అంటించిన రోజు రాస్తాను.