చేతులూపితే పడవ ఆగదు

స్టాక్‌హోమ్‌లో ఉంటున్న మా అమ్మాయి దగ్గరికి జూలై చివర్లో వెళ్లాం. దిగిన మర్నాడే మా అల్లుడు ఒక కాగితం చేతిలో పెట్టాడు. మూడు రోజులు, ఏడు దీవులు. ఏ రేవులో ఎన్నింటికి ఎక్కాలి, ఎక్కడ దిగాలి, కాఫీకి ఎన్ని నిమిషాలు, అన్నీ గళ్లు గీసి మరీ రాశాడు. చివరికి రెండు వారాంతాలు తిరిగినా మేము చూసినవి నాలుగే. అందులోనూ ఒకటి మానుకుని ఉండవచ్చు.

నగరానికి తూర్పున బాల్టిక్ సముద్రంలో చిన్నా పెద్దా కలిపి దాదాపు 30 వేల దీవులున్నాయంటారు. చాలావాటి మీద రాయీ రప్పా, పక్షులూ తప్ప ఏమీ ఉండవు. మనుషులున్నవాటికి వాక్స్‌హోల్మ్స్‌బోలాగెట్ అనే ప్రభుత్వ సంస్థ తెల్ల పడవలు నడుపుతుంది. గ్రాండ్ హోటల్ ముందున్న స్ట్రోమ్‌కాయెన్ రేవులో ఎక్కాలి. పేరుకు పడవలే గానీ పని మన పల్లెవెలుగు బస్సులదే. మా పక్కన కూర్చున్నాయన ఒళ్లో ఒక కిటికీ చట్రం ఉంది. ఎదుట కూరగాయల సంచులు, పిల్లల సైకిలు, కాళ్లు చాపుకుని పడుకున్న కుక్క. ఎక్కేటప్పుడే ఎక్కడ దిగుతామో సిబ్బందికి చెప్పాలి. పడవ వచ్చి రేవుకు ముక్కు ఆనిస్తుంది, వంతెన పలక దించుతారు, ఎక్కేవాళ్లూ దిగేవాళ్లూ చకచకా కదలాలి. ఆ నేర్పు చూడటానికే నేను రెండు దీవుల దూరం డెక్కు మీద నిలబడిపోయాను. స్వీడన్‌లో అంతటా కార్డులే కాబట్టి ఇంటి దగ్గర మార్చి తెచ్చుకున్న నోట్లు మడత విప్పకుండా తిరిగి తెచ్చుకున్నాను.

మొదట వాక్స్‌హోల్మ్. గంట ప్రయాణం. రంగుల చెక్క ఇళ్లు, ఎదుటి చిన్న దీవి మీద 16వ శతాబ్దంలో గుస్తావ్ వాసా రాజు మొదలుపెట్టిన కోట. బాగానే ఉంది కానీ నగరం నుంచి బస్సు కూడా వస్తుంది కనుక జనమూ అలాగే ఉన్నారు. మానుకోవచ్చన్నది దీన్నే.

గ్రిండా వేరు. కార్లు లేవు, ఊరనేది లేదు. పైన్ చెట్లు, పశువులు మేసే బీడు, నీళ్లలోకి ఏనుగు వీపులా దిగిన నున్నటి బండలు. ఒకప్పటి మంచు పలకల బరువు తొలగడంతో ఇక్కడి నేల ఇప్పటికీ ఏటా కొన్ని మిల్లీమీటర్ల చొప్పున పైకి లేస్తోందట. మేము తీసుకున్న చెక్క గదిలో మంచాలు, చిన్న బల్ల తప్ప ఏమీ లేవు, మరుగుదొడ్డి బయట. మా ఆవిడ మొదట ముఖం ముడుచుకుంది గానీ, రాత్రి తొమ్మిదిన్నర దాటినా ఆకాశం వెలుగుతూనే ఉంటే గుమ్మంలో కూర్చుని, తెచ్చుకున్న పులిహోర తింటూ గది సంగతి మరిచిపోయింది.

మర్నాడు తిరుగు ప్రయాణానికి ఉత్తరపు వైపున్న చిన్న రేవుకు నడిచాం. చెప్పిన సమయానికి పడవ కనిపించింది. మేము లేచి చేతులూపాం. డెక్కు మీదివాళ్లు కూడా మాకు నవ్వుతూ చేతులూపారు. పడవ అలాగే వెళ్లిపోయింది.

"వాళ్లు మనకు టాటా చెప్పారండీ" అంది మా ఆవిడ.

రేవు చివర స్తంభానికి బిగించిన పలక ఒకటి ఉంది. దాన్ని పైకెత్తితేనే ఇక్కడ ఎక్కేవాళ్లున్నారని పడవవాళ్లకు తెలుస్తుంది. చీకటి పడ్డాక అయితే టార్చిలైటు చూపించాలి. మా అల్లుడి గళ్లలో ఈ ముక్క లేదు. తరువాతి పడవకు రెండు గంటలకు పైగా ఉంది. వెనక అడవిలో నేలబారు పొదల నిండా నీలిపండ్లు (బ్లూబెర్రీలు). ఎవరి నేలలోనైనా నడవవచ్చు, పండ్లు కోసుకోవచ్చు, ఇళ్ల ముంగిళ్ల జోలికి, పంటల జోలికి మాత్రం పోకూడదని వాళ్ల ఆచారం; అల్లెమాన్స్‌రెట్టెన్ అంటారు. టోపీ నిండా కోశాం. పొదల్లో తిరిగాక ఒంటిమీద పిడుదులున్నాయేమో తప్పక చూసుకోండి, జబ్బులు అంటిస్తాయి. ఈలోగా తోపుడు బండితో ఒక పెద్దావిడ వచ్చింది. మమ్మల్ని చూసింది, పలకను చూసింది, ఏమీ అనకుండా దాన్ని పైకెత్తింది. పడవ ఆగాక, అందరికంటే వెనక ఎక్కుతూ తిరిగి దించి మరీ వచ్చింది. దించకపోతే తరువాతి పడవ ఊరికే వచ్చి ఆగుతుంది మరి.

సాండ్‌హామ్న్‌కు పడవలోనే వెళితే సగం పూట పడుతుంది. నగరంలోని స్లుస్సెన్ నుంచి బస్సులో స్టావ్స్‌నేస్ రేవుకు వెళ్లి అక్కడ పడవ ఎక్కడం మేలు. తెరచాప పడవలున్న శ్రీమంతుల ఊరు అది. రేవు ఒడ్డున భోజనం ఖరీదు చూసి నేను లోలోపల రూపాయల్లోకి మార్చుకుని, వెంటనే ఆ పని మానేశాను. వేయించిన చిన్న హెర్రింగ్ చేపలు, ఆలుగడ్డ ముద్ద నాకు నచ్చాయి. శాకాహారికి ఆ ముద్దే మిగిలింది. ఊరు దాటి పైన్ తోపులోంచి దక్షిణానికి నడిస్తే ట్రూవిల్ అనే ఇసుక తీరం వస్తుంది. రాళ్ల దీవుల మధ్య అంత ఇసుక అపురూపమే. నీళ్లు పెద్దగా ఉప్పగా ఉండవు, చల్లదనం మాత్రం ఎముకలకు తగులుతుంది.

బస గురించి ఒక మాట. ఒక దీవిలో (ఏదో చెప్పను) హాస్టల్ తరహా విడిదిలో దిగాం. దుప్పట్లు, పక్కగుడ్డలు మనవే, గది మనమే తుడిచి వెళ్లాలి; అక్కడ అదే పద్ధతి కనుక తప్పు పట్టను. తుడిచాక కూడా, సరిగా తుడవలేదని డబ్బు కోసుకున్నారు. యాభై ఏళ్లుగా ఇల్లు చిమ్ముతున్న మా ఆవిడకు ఆ డబ్బుకంటే మాటే ఎక్కువ కష్టం కలిగించింది.

ఎవరైనా నన్ను ఒక్క దీవి చెప్పమంటే ఊటో అంటాను, అదీ రెండు రాత్రులు. స్వీడిష్‌లో దీవిని ‘ఓ’ అంటారు, ఒకటే అక్షరం. ఊటో అంటే బయటి దీవి. వెస్టర్‌హానింగె దాకా రైలు, అక్కడి నుంచి బస్సు, ఆపైన గంటలోపే పడవ. రేవు దగ్గరే సైకిళ్లు అద్దెకిస్తారు. వంతెన దాటి పక్కనున్న ఓలో దీవి ఇసుక తీరం దాకా తొక్కాం. దక్షిణాన కొంత భాగం సైన్యం కాల్పుల సాధన చోటు. హెచ్చరిక బోర్డులు చూసి గాని అటు పోకూడదు.

మధ్యయుగాల నుంచి 1879 దాకా ఇక్కడ ఇనుము తవ్వారు. పెద్ద గని లోతు 215 మీటర్లు. ఇప్పుడు నిండా నల్లటి నీళ్లు. 1719లో రష్యా నౌకాదళం ఈ దీవుల్లో చాలావాటితో పాటు దీన్నీ తగలబెట్టింది. 1817లో అర్ఫ్‌వెడ్‌సన్ అనే పాతికేళ్ల రసాయన శాస్త్రవేత్త ఇక్కడి రాయిని పరీక్షిస్తూ, ఇప్పుడు ఫోను బ్యాటరీల్లో వాడే లిథియం ఉనికిని కనిపెట్టాడు. కంచె పట్టుకుని ఈ సంగతి మా ఆవిడకు చెప్పి, ఫొటో తీద్దామని ఫోను తీస్తే బ్యాటరీ అయిపోయి ఉంది. రేవు దారిలో ఊటో రొట్టెలు రెండు కొన్నాం, కాస్త తియ్యగా ఉండే రకం. ఒకటి పడవ ఎక్కకముందే అయిపోయింది.