మళ్లీ చదవమని అడిగే బొమ్మల పుస్తకాలు: ఇద్దరు పిల్లల చేతుల్లో నలిగాక

చిన్నపిల్లల బొమ్మల పుస్తకం మంచిదో కాదో కొన్న వారంలో తేలదు. కొత్తది ఏదైనా రెండు రోజులు చంకలో పెట్టుకుని తిరుగుతారు. చదివి చదివి మనకు కంఠతా వచ్చేసి, కళ్లు మూతలు పడుతున్నా నోరు దానంతటదే పేజీ అప్పజెప్పే రోజులు వస్తాయి. అప్పటికీ పిల్లలు అదే పుస్తకం పట్టుకొచ్చి ఒళ్లో కూర్చుంటే దాని గురించి రాయొచ్చు. మా అమ్మాయి ఇప్పుడు హైస్కూల్లో ఉంది, తమ్ముడు రెండో తరగతి. ఇద్దరి చేతుల్లో నలిగి, అట్టలు ఊడి, టేపు అతుకులతో ఇంకా అరలో నిలబడ్డ పుస్తకాల గురించే ఈ సమీక్ష. మీట నొక్కితే పాటలు పాడేవి, తళుకు అట్టలవి, కార్టూన్ సినిమాల నుంచి పుట్టినవి మా ఇంటికి చాలానే వచ్చాయి, పోయాయి. మిగిలినవి చూస్తే అన్నీ 1970కి ముందువే.

నాకు అర్థమైనంతలో దీనికి కారణం ఒకటే. ఈ పుస్తకాల్లో కథ అంతా మాటల్లో లేదు. సగం బొమ్మలోనే ఉంచేశారు. చదవడం వచ్చిన అమ్మ మాటల వెంట పోతుంటే, చదవడం రాని పిల్ల ఆ మిగతా సగం ముందే పట్టేస్తుంది. మూడేళ్ల పిల్లకి అమ్మకంటే ఎక్కువ తెలిసిన చోటు ఇంట్లో ఇంకెక్కడ దొరుకుతుంది చెప్పండి?

దీనికి నేను చూపించే రుజువు ఇంగ్లండ్ రచయిత్రి పాట్ హచిన్స్ తానే బొమ్మలు వేసి 1968లో తెచ్చిన 'రోజీస్ వాక్'. పుస్తకం మొత్తానికి 32 మాటలు, అదీ ఒకే వాక్యం. రోజీ అనే కోడిపెట్ట షికారుకి బయల్దేరుతుంది. వాకిలి దాటి, చెరువు చుట్టూ తిరిగి, గడ్డిమేటు ఎక్కి దిగి, పిండిమర పక్కగా పోయి, కంచెలోంచి దూరి, తేనెపెట్టెల కిందుగా నడిచి భోజనం వేళకి గూడు చేరుతుంది. మాటల్లో ఉన్న కథ ఇది. బొమ్మలో మాత్రం మొదటి నుంచీ రోజీ వెనకాల ఒక నక్క ఉంది. 32 మాటల్లో నక్క ఊసు ఒక్కచోట కూడా రాదు. మీదికి దూకబోయి దంతె పళ్ల మీద కాలేస్తుంది, కర్ర లేచి మూతికి తగులుతుంది. ఇంకోసారి చెరువులో పడుతుంది. గడ్డిలో కూరుకుపోతుంది. పిండి మూట నెత్తిన పడుతుంది. చివరికి తేనెటీగలు తరుముకుంటాయి. రోజీ ఒక్కసారి కూడా వెనక్కి తిరగదు.

మొదటిసారి చదివినప్పుడు మా వాడు నా మాట పూర్తికానివ్వలేదు. "అమ్మా, వెనకాల నక్క!" అని అరిచాడు. నేను పుస్తకంలో ఉన్నదే నింపాదిగా చదువుతూ పోయాను. నాకు కనపడటం లేదని వాడికి ఒకటే కంగారు. తర్వాత్తర్వాత వాడు చూసే తీరు మారింది. ఒక పేజీలో నక్క దూకడానికి సిద్ధంగా ఉంటుంది, పేజీ తిప్పితే మాటల్లేని బొమ్మలో జరగాల్సింది జరుగుతుంది. ఆ రాబోయేదానికి కావలసిన సరంజామా అంతా ముందు పేజీలోనే కనిపిస్తూ ఉంటుంది. అది పట్టుకున్న రోజు నుంచి పేజీ తిప్పే పని తనదే అన్నాడు. నక్క ఉన్న సంగతి రోజీకి తెలుసా, తెలియదా అనే వాదన అక్కాతమ్ముళ్ల మధ్య ఇంకా తెగలేదు. తెలిసే నక్కను తిప్పలు పెట్టిందని అక్క, ఏమీ తెలియదని తమ్ముడు. రోజీ కన్ను అన్ని పేజీల్లోనూ ఒకేలా గీశారు కాబట్టి ఎవరి వైపూ తీర్పు చెప్పలేం.

'గుడ్‌నైట్ మూన్' సంగతి వేరు. ఇందులో అసలేమీ జరగదు. మన 'చందమామ' పత్రిక మొదలైన 1947లోనే అమెరికాలో ఈ పుస్తకం వచ్చింది. మాటలు మార్గరెట్ వైజ్ బ్రౌన్‌వి, బొమ్మలు క్లెమెంట్ హర్డ్‌వి. పచ్చరంగు గోడల పెద్ద గదిలో ఒక కుందేలు పిల్ల పడుకుని ఉంటుంది. గదిలో ఉన్న వస్తువులన్నీ ఒక్కొక్కటే చెప్పి, తర్వాత ఒక్కొక్కదానికీ గుడ్‌నైట్ చెబుతారు. దువ్వెనకి, బ్రష్‌కి, గిన్నెలో జావకి కూడా. పైపైన తిరగేసినవాళ్లకి ఇందులో ఏముందని అనిపిస్తుంది. మా ఆయన కూడా అదే అన్నారు. మీరు రంగుల పేజీలు మాత్రం వరసగా చూడండి. రంగుల పేజీ, నలుపు తెలుపు పేజీ మార్చి మార్చి వస్తాయి. రంగుల పేజీ వచ్చిన ప్రతిసారీ గది కాస్త చీకటి పడుతుంది. గడియారాల్లో ముల్లు ఏడు గంటల దగ్గర మొదలై ఎనిమిదీ పది దాకా జరుగుతుంది. కిటికీలో చంద్రుడు పైకెక్కుతాడు. గది కనిపించే పేజీల్లో ఒక చిట్టి ఎలుక ఎక్కడో ఒకచోట ఉంటుంది, ప్రతిసారీ చోటు మారుతుంది. మాటలు వీటి గురించి ఏమీ చెప్పవు. గది చీకటవుతున్న కొద్దీ చదివేవాళ్ల గొంతు కూడా తగ్గుతుంది. నన్ను తగ్గించమని ఎవరూ చెప్పలేదు, ఆ బొమ్మలు చూస్తూ చదివితే అలాగే వస్తుంది. రాత్రి పడుకునేముందు ఇది ఆఖరి పుస్తకంగా పెట్టుకోండి. పగలు చదివితే దీని గుణం తెలియదు.

ఈ పుస్తకం వచ్చిన రోజుల్లో కొందరు పెద్దలకి నచ్చలేదు. న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీ 1972 దాకా దీన్ని తెప్పించలేదు. పిల్లల విభాగాన్ని ఎన్నో ఏళ్లు నడిపిన యాన్ కారల్ మూర్‌కి ఇది ఇష్టం లేకపోవడం అందుకు కారణం. 2020లో ఆ లైబ్రరీ తన 125 ఏళ్ల సందర్భంగా, మొదటి నుంచీ పాఠకులు ఎక్కువగా తీసుకెళ్లిన పది పుస్తకాల జాబితా వేసింది. అన్నేళ్లు అరలో లేకపోవడం వల్ల 'గుడ్‌నైట్ మూన్' ఆ పదిలోకి రాలేకపోయిందని చెబుతూ దానికి విడిగా గౌరవస్థానం ఇచ్చింది.

ఆ జాబితాలో మొదటి స్థానం ఎజ్రా జాక్ కీట్స్ 'ది స్నోయీ డే'ది. 4,85,583 సార్లు ఇంటికి తీసుకెళ్లారట. 1962లో వచ్చింది, మరుసటి ఏడాది బొమ్మల పుస్తకాలకి అమెరికాలో ఇచ్చే కాల్డెకాట్ మెడల్ అందుకుంది. పీటర్ అనే నల్లజాతి పిల్లవాడు ఎర్ర కోటు వేసుకుని మంచులో ఆడుకునే ఒక్కరోజు కథ. అప్పటి అమెరికాలో అలాంటి పిల్లవాడిని పుస్తకానికి నాయకుణ్ణి చేయడం అరుదు. 1940లో 'లైఫ్' పత్రికలో పడిన ఒక పిల్లవాడి ఫొటోలను కీట్స్ కత్తిరించి ఇరవై ఏళ్లకు పైగా దాచుకుని, ఈ పుస్తకానికి వాడుకున్నాడు. రంగు కాగితాలు, బట్టముక్కలు అతికించి బొమ్మలు చేశాడు. రబ్బరు ముక్కలతో అచ్చులు చేసుకుని మంచుపలుకులు అద్దాడు.

హైదరాబాదులో పెరిగే పిల్లలకి మంచు ఏం అర్థమవుతుందని కొనేముందు సందేహించాను. మా పిల్లలకి అది అడ్డే కాలేదు. పీటర్ కాలివేళ్లు బయటికి పెట్టి నడిస్తే ఒక రకం అడుగులు, లోపలికి పెట్టి నడిస్తే ఇంకో రకం, ఈడ్చుకుంటూ పోతే రెండు పొడుగు గీతలు. సూర్యలంక బీచ్‌లో తడి ఇసుక మీద మా వాడు చేసింది సరిగ్గా ఇదే. జేబులో దాచుకున్న మంచు ఉండ కరిగిపోయి, రాత్రి జేబు ఖాళీగా కనిపించే పేజీ దగ్గర ఇద్దరూ మాట్లాడరు. ఆ పేజీ మీద మీరూ ఏమీ అనకండి.

1963లో వచ్చిన మారిస్ సెండాక్ 'వేర్ ద వైల్డ్ థింగ్స్ ఆర్' గురించి అందరూ చెబుతారు కాబట్టి నేను చెప్పేది పేజీల సంగతి. అల్లరి చేసిన మ్యాక్స్‌ని భోజనం పెట్టకుండా గదిలోకి పంపిస్తుంది అమ్మ. మొదట్లో బొమ్మ చిన్నది, చుట్టూ తెల్ల కాగితం ఎక్కువ. మ్యాక్స్ గదిలో అడవి మొలుస్తున్న కొద్దీ బొమ్మ పెరిగి పేజీ నిండుతుంది, పక్క పేజీలోకీ పాకుతుంది. మృగాలతో కలిసి గంతులేసేటప్పుడు వరసగా మూడుచోట్ల రెండు పేజీలూ నిండిపోయి మాటకి చోటే ఉండదు. ఆఖరి పేజీలో బొమ్మ లేదు, భోజనం ఇంకా వేడిగానే ఉందన్న మాట మాత్రం ఉంది. అమ్మ బొమ్మ పుస్తకంలో ఎక్కడా వేయలేదు. కేకలేసిన రోజు రాత్రి ఈ పుస్తకం తీయండి. పిల్లలు కోపం వచ్చినందుకు సిగ్గుపడక్కర్లేదని, అన్నం తమ కోసం ఉంటుందని మీరు పాఠం చెప్పకుండానే వాళ్లకి అందుతుంది. ఆ మృగాల మొహాలకి మూలం తన చిన్నప్పుడు ఇంటికొచ్చి బుగ్గలు పిండిన చుట్టాలేనని సెండాక్ చెప్పేవాడు. "బుగ్గలు కొరుక్కు తినేస్తా" అంటూ మీదికొచ్చే మన పిన్నులనూ అత్తయ్యలనూ తలుచుకుంటే ఆ మాట వెంటనే నమ్ముతాం. నాలుగేళ్లు దాటాక మొదలుపెట్టడం మంచిది. మా అమ్మాయికి ముందు చూపిస్తే పళ్లు చూసి పుస్తకం మూసేసింది, ఏడాది తర్వాత తనే తెచ్చుకుంది.

ఎరిక్ కార్ల్ 'ది వెరీ హంగ్రీ కాటర్‌పిల్లర్' ఇంచుమించు అందరి ఇళ్లలోనూ ఉంటుంది, 1969 నుంచి 5 కోట్ల ప్రతులకు పైగా అమ్ముడైంది. కార్ల్ పల్చని టిష్యూ కాగితాలకు తనే రంగులేసి, కత్తిరించి అతికించేవాడు. పురుగు తిన్నచోట నిజంగానే కన్నం ఉంటుంది. అలా కన్నాలు, కొలత మారే పేజీలు పెట్టి గిట్టుబాటుగా అచ్చువేసే ప్రెస్సు అమెరికాలో దొరక్క మొదటి ముద్రణ జపాన్‌లో చేయించారు. సోమవారం ఒక ఆపిల్‌తో మొదలై వారాలు, అంకెలు పిల్లలకి తెలియకుండానే నోటికొస్తాయి. సీతాకోకచిలుక గొంగళిపురుగు పట్టుపురుగులా గూడు అల్లుకోదు, ఒట్టి ప్యూపాగా వేలాడుతుంది. పుస్తకంలో మాత్రం గూడు అల్లుకుంది. ఈ ఒక్కటి తర్వాత సర్దిచెప్పాలి. మాకు బాల్కనీలో కరివేపాకు మొక్క ఆ పని చేసిపెట్టింది. దాని ఆకుల మీద సీతాకోకలు గుడ్లు పెడతాయి, వానాకాలంలో పచ్చని పురుగులు కనిపిస్తాయి. పుస్తకం చదివిన పిల్లలు వాటిని తీసేయనివ్వరు, కరివేపాకు కూరకి మిగలదు, తెలిసే కొనండి.

తాతయ్యలకి ఇవ్వడానికి 'క్యాప్స్ ఫర్ సేల్'ని మించింది లేదు. రష్యాలో పుట్టి అమెరికా వెళ్లిన చిత్రకారిణి ఎస్ఫిర్ స్లోబొడ్కినా 1940లో చేసిన పుస్తకం. కథ మనందరికీ తెలిసిందే. టోపీలమ్మేవాడు చెట్టుకింద కునుకు తీస్తే కోతులు టోపీలెత్తుకుపోతాయి, వాడేం చేస్తే అవీ అదే చేస్తాయి. మా నాన్నగారు ఇంగ్లిష్ పుస్తకం అనేసరికి పక్కన పెట్టబోయి, మొదటి బొమ్మ చూసి కళ్లజోడు పెట్టుకున్నారు. అక్షరం చదవకుండా కథంతా తెలుగులో చెప్పారు. కోతులు వేలు చూపించి బెదిరించే చోట, కాలు నేలకేసి కొట్టే చోట తాతా మనవడూ కలిసి చేస్తారు. టోపీలవాడు తల మీద వరసలు పేర్చుకుని నడిచే తీరు చూసి మా వాడు స్టీలు గ్లాసులు నెత్తిన పెట్టుకుని నడవబోయాడు, వారం పాటు వంటింట్లో గ్లాసులు పై అరకెక్కాయి.

కొనేటప్పుడు సైజు చూడండి. 'గుడ్‌నైట్ మూన్' చిన్న దళసరి అట్టల కూర్పులో ఎలుక దొరకడం కష్టం. నోట్లో పెట్టుకునే వయసుకి అదే సరి, రెండేళ్లు దాటితే పెద్దది తీసుకోండి. గొంగళిపురుగు పుస్తకానికి మాత్రం దళసరి అట్టలే మంచివి, మామూలు కాగితంలో కన్నాల దగ్గర చిరుగుతుంది. సెండాక్ పుస్తకం చిన్న సైజులో కొంటే బొమ్మ పెరగడమనే అసలు విషయమే పోతుంది. ఫుట్‌పాత్ మీద చవకగా దొరికే దొంగ ముద్రణల్లో రంగులు మసకబారి, పేజీ అంచులు కోసేసి ఉంటాయి. అంతకంటే ఆదివారం ఆబిడ్స్‌లో దొరికే అసలైన పాత ప్రతి నయం, వెన్ను గట్టిగా ఉందో లేదో, మధ్యలో పేజీలు ఉన్నాయో లేదో అక్కడే నిలబడి చూసుకోండి.

తెలుగులో ఇలాంటివి లేవా అని స్నేహితులు అడుగుతుంటారు. మా తరంలో చాలామందికి పెద్ద సైజు రంగుల బొమ్మల పుస్తకమంటే మాస్కోలో అచ్చయి విశాలాంధ్ర పుస్తకశాలల్లో దొరికినవే. 1991లో సోవియట్ యూనియన్‌తో పాటు ఆ రాకా ఆగింది. అలాంటి కొన్నింటిని సికింద్రాబాద్ 'మంచి పుస్తకం' వాళ్లు మళ్లీ వేశారు, పిల్లలున్న ప్రతి ఇంట్లోనూ ఉండాల్సినవి. ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్ వెబ్‌సైట్‌లో తెలుగు కథలు ఉచితంగా దొరుకుతాయి, కాకపోతే అవి ఫోన్‌లో కాకుండా కాగితం మీద చూపించండి. తర్వాత పేజీలో ఏముందో పిల్లలు ఊహించుకునే ఆ క్షణం వేలితో పక్కకి తోస్తే రాదు.

ఒక్కటే కొనగలిగితే మూడేళ్ల పిల్లకి 'రోజీస్ వాక్' కొనండి. చదివేటప్పుడు నక్క పేరు మాత్రం మీరెత్తకండి.