గ్రైండర్‌కి పేపరా, ఆర్బిటల్ సాండరా: ఇంట్లో చెక్క పనికి ఏది మేలు?

"గ్రైండర్ ఎలాగూ ఉంది కదా, దానికే పేపర్ డిస్క్ బిగించుకుంటే సరిపోదా? మళ్ళీ సాండర్ అని వేరే కొనాలా?" ఇంట్లో సొంతంగా చెక్క పని చేసుకునేవాళ్ళు నన్ను తరచూ అడిగే ప్రశ్న ఇదే. కొనాలని నిర్ణయించుకున్నవాళ్ళది ఇంకో ప్రశ్న. షాపుకి వెళ్తే పేపర్ కొట్టే ఈ సాండర్లలో బెల్టుది, గుండ్రందీ, చదరందీ, మూడు మూలలదీ వరసగా పెట్టి చూపిస్తారు. వాటిలో ఏది తీసుకోవాలి?

ఈ ఎంపిక ఈమధ్య నాకూ ఎదురైంది. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకి ఉద్దానంలో మా బంధువుల తోటలో ఓ పెద్ద పనస చెట్టు కూలింది. దాన్ని అప్పట్లోనే పలకలు కోయించి నీడన ఆరబెట్టారు. ఇప్పుడు ఆ పలకలతో శ్రీకాకుళంలో మా ఇంటి వెనక రేకుల షెడ్డులో భోజనాల బల్ల చేస్తున్నాను. చిత్రిక పట్టడం వరకు ఏ ఇబ్బందీ లేదు. పేపర్ కొట్టే దశ వచ్చేసరికి ఈ ఆలోచనంతా మొదలైంది.

నా జవాబు ముందే చెప్పేస్తాను. ఇంటి పనికి ఐదంగుళాల గుండ్రటి ప్యాడు ఉండే రాండమ్ ఆర్బిటల్ సాండర్ మేలు. అంత ఖర్చు వద్దనుకుంటే చదరపు ప్యాడు ఉండే పావు షీటు ఆర్బిటల్ తీసుకోండి. చెక్క నునుపు చేయడానికి గ్రైండర్ మాత్రం వాడకండి. షాపులో వాట్ల గురించి, స్పీడు గురించి చాలా చెప్తారు కానీ నా లెక్కలో తేల్చాల్సిన విషయం ఒక్కటే: లేచిన పొడి ఎక్కడికి పోతోంది?

ముందు గ్రైండర్ సంగతి చూద్దాం. దాని మీద మోజు ఎందుకో నాకు తెలుసు. మన దగ్గర చాలామంది వడ్రంగులు దాంతోనే పని కానిచ్చేస్తారు. దూలాలు కోసి పెట్టిన మేస్త్రి నా సాండర్ పెట్టె చూసి, "ఏటి బాబూ, గ్రైండరుండగా దీనికెందుకు డబ్బులు తగలెయ్యడం? పొద్దున్నెట్టుకుంటే మధ్యాన్నానికి టేబులు తేలిపోద్ది" అన్నాడు. "నిజమే మేస్త్రీ, కానీ మధ్యాహ్నం పిల్లలు ఇక్కడే తిరుగుతారు కదా" అన్నాను. ఆయన చెప్పిన వేగం అబద్ధం కాదు. నాలుగంగుళాల గ్రైండర్ నిమిషానికి దాదాపు 11,000 చుట్లు తిరుగుతుంది. అంటే డిస్కు అంచు గంటకి 200 కిలోమీటర్లు దాటిన వేగంతో పోతుందన్నమాట. ఆ అంచు చెక్కలో ఉండిపోయిన మేకుకో, పలక మూలకో తగిలితే మిషన్ ఒక్కసారిగా చేతిలోంచి ఎగిరి తన్నుతుంది. మెడ చుట్టూ తువ్వాలు, కింద లుంగీ, ఒంటి మీద వదులు చొక్కా ఉంటే వాటిని చుట్టేసుకుంటుంది. స్విచ్చి ఆపిన తర్వాత కూడా కొన్ని క్షణాలు తిరుగుతూనే ఉంటుంది. ఆ తిరుగుతున్నప్పుడే నేల మీద పెట్టేసేవాళ్ళని రోజూ చూస్తుంటాం. ఇక పేపర్ ప్యాడ్ పట్టడం లేదని గార్డు ఊడదీసి పక్కన పెట్టేయడం, తర్వాత అదే మిషన్‌కి పళ్ళ బ్లేడు బిగించి చెక్క కోయడం అందరూ చేస్తున్న పనే. గ్రైండర్‌కి పళ్ళ బ్లేడు ఎప్పుడూ బిగించకండి. చెక్కలో పన్ను పట్టేసిందంటే చెయ్యి వెనక్కి తీసుకునే వ్యవధి ఉండదు.

రాండమ్ ఆర్బిటల్ కూడా నిమిషానికి 12,000 దాకా కొట్టుకుంటుంది. అంకె చూస్తే రెండూ ఒకటే అనిపిస్తుంది. కానీ దాని ప్యాడు ప్రతిసారీ వేసే సున్నా వెడల్పు రెండు మూడు మిల్లీమీటర్లే. దానితో పాటు మెల్లగా తన చుట్టూ తాను తిరుగుతుంది. గ్రైండర్ అంచు సెకనుకి 50 మీటర్లకి పైగా పోతుంటే, ఈ కదలికలో పేపరు రాపిడి సెకనుకి ఒకటి రెండు మీటర్లే. అందుకే పొరపాటున వేలు తగిలితే తోలు గీరుకుంటుంది కానీ చెయ్యి లాక్కుపోదు. మిషన్ ఎగిరి తన్నదు. పలకని బల్లకి సి-క్లాంప్‌తో బిగిస్తే చాలు, కొత్తగా నేర్చుకునేవాళ్ళు కూడా ధైర్యంగా పట్టుకోవచ్చు.

గాయాల విషయంలో తేడా ఇంత స్పష్టంగా ఉన్నా, నేను పొడినే పెద్ద విషయం అనడానికి కారణం ఉంది. తెగిన వేలు ఆ క్షణమే కనిపిస్తుంది, ఆసుపత్రికి పరిగెత్తుతాం. పొడి అలా కాదు, రోజూ కొంచెం కొంచెంగా లోపలికి పోతుంది. ఉలితో, చిత్రికతో పని చేసినప్పుడు వచ్చేవి పెచ్చులు, చుట్టలు. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో పనస మాను తొలిచి వీణ చేసేవాళ్ళ కాళ్ళ చుట్టూ గుట్టగా పడేవి అవే. బరువు కాబట్టి నేల మీద పడతాయి, చీపురు పెడితే పోతాయి. మిషన్ కింద పేపరు వేసే పొడి వేరు. అందులో కంటికి కనపడేంత పెద్దది కింద పడుతుంది. కనపడని సన్నటిది గంటల తరబడి గాలిలోనే తేలుతుంది, ఊపిరితిత్తుల లోతుకి చేరేది కూడా అదే. ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లోనే చెక్క పొడిని మనుషుల్లో క్యాన్సర్ కలిగించేవాటి జాబితాలో, మొదటి వర్గంలో చేర్చింది. ముక్కు లోపల, దాని చుట్టూ ఉండే గదుల్లో వచ్చే క్యాన్సర్లు అవి. ఏళ్ళ తరబడి అదే పనిలో ఉన్నవాళ్ళకి ఆ ముప్పు ఎక్కువ. సెలవు రోజుల్లో పని చేసుకునేవాళ్ళకి అంత ఉండకపోవచ్చు కానీ దగ్గు, తుమ్ములు, ఆయాసం మాత్రం ఎవరికైనా రావచ్చు. టేకు పొడి పడక ఒళ్ళంతా దద్దుర్లు తేలేవాళ్ళూ ఉన్నారు. ఇంట్లో ఉబ్బసం ఉన్నవాళ్ళుంటే ఇక చెప్పక్కర్లేదు.

నమ్మకం కుదరకపోతే ఒక పని చేసి చూడండి. రాత్రి షెడ్డులో లైట్లన్నీ ఆపి, ఓ మూలన టార్చి వెలిగించి పెట్టి, ఆ వెలుగుకి అడ్డంగా చెక్కకి కాసేపు పేపర్ కొట్టండి. నేను పనస పలక మీద ఇదే చేశాను. గ్రైండర్‌తో చేసినప్పుడు టార్చి వెలుగు పసుపు నీళ్ళు కలిపినట్టు చిక్కబడిపోయింది. మిషన్ ఆపి, చేతులు కడుక్కుని, టీ తాగి వచ్చేసరికి కూడా ఆ రేణువులు మెల్లగా పైకీ కిందకీ తిరుగుతూనే ఉన్నాయి. షెడ్డు తలుపు పక్కన పెట్టిన నీళ్ళ బిందె మీద, ఆరేసిన బట్టల మీద సన్నటి పసుపు పొర పేరుకుంది. వ్యాక్యూమ్ గొట్టం తగిలించిన ఆర్బిటల్‌తో అదే పలకకి, అదే నంబరు పేపరు కొడితే వెలుగులో అక్కడక్కడ నలుసులు కనిపించాయి, అంతే. గ్రైండర్ డిస్కుకి పొడిని లాగే దారే ఉండదు, అంచు నుంచి నాలుగు వైపులకీ విసురుతుంది. ఆర్బిటల్ ప్యాడుకి రంధ్రాలుంటాయి, పుట్టిన చోటే పొడిని లోపలికి పీల్చుకుంటుంది. నా మొగ్గు అటు తిరిగింది ఇక్కడే.

అయితే ఆర్బిటల్ కొన్నంత మాత్రాన పొడి బాధ తీరదు. దాంతో వచ్చే గుడ్డ సంచి పెద్ద పొడిని పట్టుకుంటుంది, సన్నటిది సంచి నేతలోంచి బయటికి పోతుంది. వ్యాక్యూమ్ గొట్టం పెడితేనే అసలు ఫలితం. ఇంట్లో వాడే వ్యాక్యూమ్ గొట్టం సాండర్ మూతికి చాలాసార్లు సరిపోదు. అడాప్టర్ దొరక్కపోతే సైకిల్ ట్యూబు ముక్క తొడిగి పైన క్లిప్పు బిగించండి, బాగా పట్టుకుంటుంది. వ్యాక్యూమ్‌లో సన్న పొడిని కూడా పట్టే హెపా ఫిల్టర్ లేకపోతే వెనక నుంచి ఆ పొడి మళ్ళీ గదిలోకే వస్తుంది కాబట్టి వ్యాక్యూమ్‌ని గుమ్మం బయట పెట్టి గొట్టం మాత్రం లోపలికి తెచ్చుకోండి.

మాస్కు అప్పటికీ తప్పదు. ముక్కుకి చేతిరుమాలు, తువ్వాలు కట్టుకుంటే పెద్ద పొడి ఆగుతుంది, ఊపిరితిత్తుల్లోకి పోయే పొడి ఆగదు. సర్జికల్ మాస్కు పక్కల నుంచి గాలి లాగుతుంది. ఎన్95 కానీ, ఎఫ్ఎఫ్‌పీ2 కానీ తీసుకుని, తల వెనక రెండు పట్టీలూ వేసుకుని, ముక్కు మీద రేకుని గట్టిగా నొక్కాలి. గుబురు గడ్డం ఉంటే మాస్కు అంచు ముఖానికి ఆనదు. మన సముద్రపు గాలిలో చెమటకి మాస్కు తొందరగా తడిసిపోతుంది, తడిసిందాన్ని మార్చేయండి. ఉక్కగా ఉందని ఎదురుగా టేబుల్ ఫ్యాను పెట్టుకుంటే పొడిని ముఖం మీదికి కొట్టించుకున్నట్టే. ఫ్యాను వీపు వెనక ఉండి, గాలి మీ మీదుగా తలుపులోంచి బయటికి పోవాలి. ఆ తలుపు పక్కింటివాళ్ళ వంటింటి కిటికీ వైపు ఉండకూడదు. పని అయ్యాక పొడి చీపురుతో ఊడ్చొద్దు, తడిగుడ్డతో తుడవండి. ఆ బట్టలతోనే పిల్లల్ని ఎత్తుకోకండి.

ఇక ఆర్బిటల్ పట్టే పద్ధతి. మిషన్‌ని చెక్క మీద ఆనించాక ఆన్ చేయండి. గాలిలో ఆన్ చేస్తే ప్యాడు వేగం అందుకుని, చెక్కకి తగలగానే గీత పెడుతుంది. నొక్కొద్దు, దాని బరువు చాలు. నొక్కితే ప్యాడు తిరగడం ఆగిపోయి, పంది తోకల్లాంటి చిన్న చుట్ల గీతలు పడతాయి, పాలిష్ వేశాక అవి ఇంకా ఎత్తి కనిపిస్తాయి. సెకనుకి రెండు మూడు సెంటీమీటర్ల చొప్పున నిదానంగా జరపండి. పేపరు నంబరు పెరిగేకొద్దీ సన్నబడుతుంది కాబట్టి 80 నంబరుతో మొదలుపెట్టి 120, 180, 220 వరకు వెళ్ళండి. మధ్యలో ఒక నంబరు దాటేస్తే వెనకటి గీతలు పోవు, మళ్ళీ మొదటికి రావాలి, పొడి రెట్టింపు. చేతులు తిమ్మిరెక్కుతుంటే ఆపి విశ్రాంతి తీసుకోండి, ఆ అదురు వేళ్ళ నరాలకి మంచిది కాదు. చెవులకి ప్లగ్గులు, కళ్ళకి పక్కలు మూసుండే అద్దాలు పెట్టుకోండి. పేపరు మార్చే ముందు ప్లగ్గు పీకేయండి. వైరు భుజం మీదుగా వెనక్కి ఉంటే కాళ్ళకి అడ్డుపడదు. వాన కాలంలో షెడ్డు నేల చెమ్మగా ఉంటుంది కాబట్టి లైనుకి 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే వెంటనే లైను ఆపేసే స్విచ్చి, ఉండేలా చూసుకోండి.

పావు షీటు ఆర్బిటల్ నాకు రెండో ఇష్టం. పేపరు ఎక్కడైనా దొరుకుతుంది. 230 బై 280 మిల్లీమీటర్ల మామూలు షీటు కొని నాలుగు ముక్కలు చేసుకోవడమే. ప్యాడు చదరం కాబట్టి సొరుగు లోపలి మూలలకీ అందుతుంది. పని మాత్రం నిదానం. పెద్ద బల్ల అయితే ఓపిక కావాలి, పీటలు, స్టూళ్ళు, ఫొటో ఫ్రేముల వరకైతే ఇది చాలు. మిషన్‌తో వచ్చే రంధ్రాల పలకతో పేపరుకి రంధ్రాలు గుచ్చడం మర్చిపోవద్దు. గుచ్చకపోతే పొడి లోపలికి పోదు.

బెల్టు సాండర్ ఎగుడుదిగుడు పలకల్ని సమం చేయడానికి బలమైన మిషన్. చిత్రిక పట్టడం వచ్చినవాళ్ళకి అవసరం లేదు. కొన్నా సరే, స్విచ్చి లాక్ పడి ఉందేమో చూసుకోకుండా ప్లగ్గు పెట్టకండి, బల్ల మీద నుంచి బండిలా పరిగెడుతుంది. మూడు మూలల చిన్న సాండర్ నగిషీ సందులకి తప్ప పనికిరాదు.

పాత తలుపులు, ద్వారబంధాల రంగు గీకే పని ఉంటే మాత్రం ఈ మిషన్లు ఏవీ బయటికి తీయకండి. ఇంటి రంగుల్లో సీసం పది లక్షల భాగాల్లో 90కి మించకూడదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరు నుంచే అమల్లోకి వచ్చింది. అంతకు ముందు వేసిన రంగుల్లో సీసం ఎంతైనా ఉండొచ్చు. ఆ పొడి నేల మీద పాకే పిల్లల నోట్లోకి పోతే మెదడు ఎదుగుదలే దెబ్బతింటుంది. నీళ్ళు తడుపుకుంటూ చేత్తో వాటర్ పేపర్ కొట్టండి, బురదని గుడ్డతో ఎత్తి సంచిలో మూటకట్టేయండి. ఆలస్యమవుతుంది, అయినా ఆ పనికి అదే పద్ధతి.

పాలిష్ కోటుకీ కోటుకీ మధ్య సాండర్ వాడితే దాని పొడి సంచి ఖాళీ చేయకుండా షెడ్డులో వదిలి పడుకోకండి. నూనె, వార్నిష్ కలిసిన పొడి తనంతట తానే వేడెక్కి అంటుకోగలదు. అవిసె నూనె తుడిచిన గుడ్డలు కూడా అంతే. వాటిని ముద్దగా పడేయకుండా ఆరుబయట విప్పి ఆరేయండి.

షాపులో అడగాల్సినవి రెండే: వ్యాక్యూమ్ అడాప్టర్ ఇస్తారా, ఈ ప్యాడుకి సరిపడే రంధ్రాల డిస్కులు మన ఊళ్ళో దొరుకుతాయా. ఎనిమిది రంధ్రాల ప్యాడుకి ఎనిమిది రంధ్రాల డిస్కే తీసుకుని, రంధ్రం మీద రంధ్రం వచ్చేలా అంటించండి. రంధ్రాల్లేని డిస్కు చవగ్గా వస్తుంది కానీ, దాంతో పొడి కింద ఇరుక్కుని వేడెక్కి ప్యాడు మీది వెల్క్రో కరిగిపోతుంది, తర్వాత ఏ డిస్కూ అంటదు.