పాత గచ్చు మీద కొత్త కాంక్రీటు: ఎస్‌బీఆర్ లేటెక్స్ ఏడేళ్లు వాడాక

మాది విజయవాడ సింగ్‌నగర్. మా వీధి రోడ్డు వేసినప్పుడల్లా కాస్త ఎత్తు పెరిగి, చివరికి మా ఇల్లే పల్లమైపోయింది. గట్టి వాన పడితే వసారాలోకి నీళ్లు. 2018లో పాత గచ్చు మీదే రెండంగుళాల కాంక్రీటు వేసి మట్టం పెంచాలనుకున్నాం. పాతదంతా పగలగొట్టించే స్తోమత అప్పుడు లేదు. హార్డ్‌వేర్ షాపతను "పాతదానికీ కొత్తదానికీ పట్టు కావాలంటే ఇది పూయించండి" అని పాలలా తెల్లగా ఉన్న ద్రవం క్యాను ఇచ్చాడు. అదే ఎస్‌బీఆర్ (స్టైరీన్ బ్యుటాడయీన్ రబ్బరు) లేటెక్స్. నీళ్లలో సన్నటి రబ్బరు కణాలు తేలుతుంటాయి. సిమెంటులో కలిపి పూస్తే ఆ రబ్బరు సిమెంటు మధ్యలో అల్లుకుని పట్టు పెంచుతుంది.

మొదటిసారి పని పూర్తిగా చెడింది. తప్పు సరుకుది కాదు, మాది.

మే నెల, పొద్దున పదకొండు దాటింది. మేస్త్రీ లేటెక్స్‌లో సిమెంటు కలిపి వసారా మొత్తం బ్రష్షుతో పూసేశాడు. ఆ తర్వాత కాంక్రీటు కలపడం మొదలుపెట్టేసరికి గంట గడిచింది. "బాబాయ్, ఆరిపోతోంది చూడు" అన్నాను. "ఆరనియ్యమ్మా, రంగులకి ప్రైమర్ ఎలాగో ఇదీ అంతే. ఆరితేనే పట్టు" అన్నాడు. నిజమే కాబోలు అనుకున్నాను.

సంక్రాంతి ముందు వసారా కడుగుతుంటే అంచు దగ్గర చీపురు తగిలి ఒక పెచ్చు లేచింది. పట్టుకుని లాగితే అరచేయంత ముక్క చేతికొచ్చింది. తిరగేసి చూస్తే అడుగు అద్దంలా నున్నగా ఉంది. కింద పాత గచ్చు మీద బూడిదరంగు పొర మెరుస్తోంది, గోటితో గీకినా రాలేదు. అంటే లేటెక్స్ పాతదాన్ని గట్టిగానే పట్టుకుంది. కొత్తది పడేలోపే ఎండి పొర కట్టేయడంతో పైదానికి పట్టు దొరకలేదు. అతికించాల్సిందే రెండిటినీ విడదీసింది.

ఆ ముక్క బాబాయ్‌కే చూపించాను. చాలాసేపు అటూ ఇటూ తిప్పి చూసి, మళ్లీ తనే చేస్తానన్నాడు. సగం కూలే తీసుకున్నాడు. ఆ మర్యాద నేను మర్చిపోలేదు.

ఫిబ్రవరిలో రెండోసారి. మెరిసే పొర మొత్తం పోయి లోపలి కంకర కనిపించేదాకా చిప్పింగ్ చేయించాం, అంటే పైభాగాన్ని చెక్కించేశాం. దానికే రెండు రోజులు పట్టింది, ఖర్చులో ఎక్కువ భాగం కూడా అదే. వైరు బ్రష్షుతో రుద్ది, దుమ్ము పోయేదాకా కడిగి, రాత్రంతా తడి గోనె సంచులు కప్పి ఉంచాం. తెల్లవారి సంచులు తీసి, గుంటల్లో నిలిచిన నీళ్లని స్పాంజితో అద్దేశాం. గచ్చు తడిసి నల్లగా కనిపించాలి, కానీ పైన నీటి మెరుపు ఉండకూడదు. పొడిగా ఉంటే పాత కాంక్రీటు కొత్తదానిలోని నీళ్లు పీల్చేస్తుంది. నీళ్లు నిలిస్తే పూసింది పలచబడిపోతుంది.

పొద్దున ఐదున్నరకి మొదలుపెట్టాం. ముందు బేబీ చిప్స్‌తో (సన్న కంకరతో) కాంక్రీటు కలిపి సిద్ధంగా పెట్టుకున్నాకే లేటెక్స్ ముట్టుకున్నాం. బాబాయ్ రెండు మూరల మేర పూయడం, వెనకే కూలీలు కాంక్రీటు పరచడం, మళ్లీ రెండు మూరలు. వేలు పెడితే జిగురు అంటుకునే స్థితిలోనే పైది పడాలి. ఎక్కడైనా ఆరినట్టు అనిపిస్తే గీకేసి మళ్లీ పూశాడు. తొమ్మిదింటికల్లా అయిపోయింది. అంచుల్ని పలచగా జారవిడవలేదు, గ్రైండర్‌తో నిలువుగా కోసి అక్కడా పూర్తి మందం ఉండేలా చూశాం. పాత కాంక్రీటు ముడుచుకోవడం ఎప్పుడో అయిపోయి ఉంటుంది, కొత్తది అప్పుడే మొదలుపెడుతుంది. ఆ లాగుడుకి ముందు లేచేవి అంచులే. పది రోజులు గోనె సంచులతో తడి ఆరనివ్వలేదు.

అసలు పరీక్ష 2024 సెప్టెంబరులో వచ్చింది. బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగింది. మా ఇంట్లో నడుము లోతు నీళ్లు, వారం పైనే. బురద ఎత్తిపోశాక ఇనుప రాడ్డు తీసుకుని వసారా అంతా కొట్టి చూశాను. పట్టు ఉన్నచోట గట్టిగా ఖంగుమంటుంది, లేనిచోట డొల్లగా మోగుతుంది. స్కూటరు నిలబెట్టే మూల జానెడు మేర తప్ప ఎక్కడా డొల్ల శబ్దం రాలేదు.

వంటింటి గుమ్మం దగ్గర మాత్రం మరో కథ. 2021లో అక్కడి మెట్టుని ఇంకో మేస్త్రీ లేటెక్స్ లేకుండా, చెక్కలు అతికించే తెల్ల జిగురు సిమెంటులో కలిపి అతికించాడు. చూడటానికి రెండూ ఒకేలా ఉంటాయి, ఇది చవక. మూడేళ్లు బాగానే ఉంది. వరద నీళ్లలో నానాక మెట్టు పైభాగం మొత్తం అట్టలా ఊడింది. మధ్యలో పూసింది వేలికి మెత్తగా, మైనంలా తగిలింది. ఆ తెల్ల జిగురునే పీవీఏ అంటారు, దాని గుణమే అది, ఆరినా మళ్లీ నానితే మెత్తబడుతుంది. బాత్రూం, డాబా, వసారా, ఎక్కడ తడి తగిలినా దాన్ని రానివ్వకండి. క్యాను మీద ఎస్‌బీఆర్ అని ఉందో లేదో చదివే కొనండి. నేను పిడిక్రీట్ యూఆర్‌పీ, నైటోబాండ్ ఎస్‌బీఆర్ రెండూ వాడాను. రెండూ ఎస్‌బీఆరే, పనిలో నాకు తేడా కనిపించలేదు. ఎంత నీళ్లు, ఎంత సిమెంటు కలపాలో క్యాను మీద రాసిన కొలతే పాటించండి.

చిన్న చిన్న పెచ్చులకి లేటెక్స్‌ని మాలులోనే కలిపి వాడతాను, పిట్టగోడ మూలలకి బాగా నిలుస్తోంది. అలా కలిపిన మాలుకి మాత్రం పది రోజుల తడి అక్కర్లేదు. ఒకట్రెండు రోజులు తడిపి గాలికి వదిలేయాలి, ఆరితేనే అందులోని రబ్బరు పొర కడుతుంది.

పిల్లర్ల సంగతి వేరు. గుంటూరు బ్రాడీపేటలో మా అక్క వాళ్ల పిల్లర్ చువ్వలు తుప్పు పట్టి కాంక్రీటు పగిలితే, లేటెక్స్ చాలదా అని నేనే అడిగాను. బరువు మోసేదానికి అది సరిపోదని చెప్పి ఇంజినీరు ఎపాక్సీ అనే జిగురు వాడించారు. రెండు డబ్బాలు, ఒకటి రెజిన్, ఒకటి హార్డెనర్. రెండూ కలిపాక గడువులోపే పూసెయ్యాలి, ఎండ ఎక్కువైతే ఆ గడువు ఇంకా తగ్గుతుంది. పూసింది జిగురుగా ఉండగానే కొత్త కాంక్రీటు పడాలి. ఇంజినీరు లేకుండా పిల్లర్ జోలికి మాత్రం ఎవరూ వెళ్లొద్దు.

స్కూటరు మూలని ఈ మధ్యే తవ్వించాను. పై కాంక్రీటు తీయగానే పాత గచ్చులో ఇంజిన్ ఆయిల్ మరక, ఇన్నేళ్ల తర్వాత కూడా వాసన వేస్తోంది. నీళ్లు చల్లితే ఇంకకుండా ముత్యాల్లా నిలిచాయి. అప్పుడు ఈ మూలలో మాత్రం పైపైన చిప్పింగ్ చేసి వదిలేశామన్నమాట. ఈసారి నీళ్లు చల్లుతూ, అవి చల్లగానే ఇంకిపోయేదాకా అంగుళం లోతు కొట్టించాను. బాబాయ్‌కి ఇప్పుడు మోకాళ్ల నొప్పులు, కూర్చోలేడు. కుర్చీ వేసుకుని పక్కనే ఉండి, "పూశావా, వెంటనే వెయ్యి, వెంటనే" అని కొడుకుని తొందరపెడుతూనే ఉన్నాడు.